రెండు ఇంజన్లూ పూలి పొయ్యీ

మానవజాతి నిప్పును నమ్మింది, చక్రాన్ని నమ్మింది, చివరికి బస్టాండులో గోడకు రాసిన టైం టేబుల్‌ను కూడా నమ్మింది. కానీ గడ్డి కోసే మిషన్ ఇంజన్‌ను ఎక్కువ నమ్మాలా, తోట ట్రాక్టర్ ఇంజన్‌ను ఎక్కువ నమ్మాలా అన్న ప్రశ్న మాత్రం 2007 జూన్ దాకా తేలలేదు. అది కారేపల్లికి ఆవల, అడవి మొదలయ్యే చోట, పద్నాలుగు ఇళ్ళ తండాలో తేలింది. తేల్చినది ఖమ్మంలోని చిన్న ఇంజన్ల విశ్వాస నిర్ధారణ విభాగం. నేను సాక్షిని. (సాక్షికి చదువు వచ్చి ఉండాలి, ఇంజన్ల గురించి ఏమీ తెలియకూడదు అని నిబంధన. చుట్టుపక్కల ఈ రెండు అర్హతలూ నిండుగా ఉన్నది నాకేనట.)

విషయం చిన్నదే. పూలి, ఆమె భర్త రూప్లా ఎకరన్నర చెలక చేసుకుంటారు. ఆ వేసవిలో వాళ్ళ రెండెద్దుల్లో ఒకటి చచ్చిపోయింది. మిగిలినది ఒక్కటే అరక లాగలేదు. తొలకరి పదునులో దున్ని పత్తి గింజ పెట్టకపోతే ఆ ఏడు వాళ్ళకు పంట లేనట్టే. అందుకని పూలి తోట ట్రాక్టర్‌కు దరఖాస్తు పెట్టుకుంది. అది దూడంత ఉంటుంది. తాడు లాగితే స్టార్టవుతుంది, వెనక నడుస్తూ దున్నుకోవచ్చు.

విభాగం ట్రాక్టర్‌ను పంపింది. తోడుగా గడ్డి కోసే మిషన్‌నూ పంపింది. ఎందుకంటే పదకొండో నిబంధన ప్రకారం ఏ పరికరాన్నీ పోల్చకుండా ఇవ్వకూడదు. పోల్చాక ఎక్కువ నమ్మకమైనది లబ్ధిదారుకు వెళ్తుంది, తక్కువ నమ్మకమైనవి ఆఫీసుకు వెళ్తాయి. (ఈ నిబంధన రాసిన మహానుభావుడు ఎవరో గానీ నిజంగా ప్రజల మనిషి.)

వాటి వెంట పరిశీలనాధికారి ఉదయ్ భాస్కర్ వచ్చాడు. సత్తుపల్లి వైపు మనిషి, చాలా మంచివాడు. మంచివాడు కనుకనే నిబంధనలన్నీ చదివాడు.

"గడ్డి మిషన్‌ని లాన్‌లోనే పరీక్షించాలండి. ఇక్కడ లాన్ ఎక్కడుంది?" అని అడిగాడు.

కారేపల్లి నుంచి భద్రాచలం అడవి దాకా లాన్ అనేది ఉందో లేదో ఎవరికీ తెలియదు. పూలి చెలకలో నాలుగు చినుకులకు మొలిచిన గడ్డి ఉంది. ఆయన అది చూసి, దాన్ని "లాన్ (తాత్కాలికం)" అని నమోదు చేశాడు. ఇంటి ముందున్న మూడు వంగ మొక్కలను, ఒక చిక్కుడు పాదును "తోట"గా నమోదు చేశాడు. నేను సంతకం పెట్టాను.

"సారూ, గిది చెలక. దున్నేది ఉన్నది," అంది పూలి.

"లాన్‌ని దున్నకూడదమ్మా. పరీక్ష అయిపోయేదాకా కాలు కూడా పెట్టకండి."

"మిరుగు కార్తె వచ్చింది సారూ. వాన ఆగుతదా?"

వాన ఆగాలని నిబంధనల్లో ఉందేమోనని ఉదయ్ భాస్కర్ పుస్తకం తిరగేశాడు. లేదు. అదే రోజు ఎవరిదో మేక వచ్చి లాన్‌లో పావువంతు మేసింది. తాడు లాగకుండానే పని మొదలుపెట్టిందని, పెట్రోలు తాగలేదని, మధ్యలో ఆగలేదని నేను చూసినది చూసినట్టు రాశాను. ఉదయ్ భాస్కర్ ఆ పేజీ చింపి జేబులో పెట్టుకున్నాడు.

పరీక్ష ఏమిటంటే, రోజుకు ఒక్కో ఇంజన్ తాడు యాభైసార్లు లాగాలి. ఎన్నిసార్లు స్టార్టయిందో రాయాలి. అధికారి స్వహస్తాలతో లాగాలి. మొదటిరోజు నుంచే తుంపర పట్టుకుంది. ఇంజన్లకు చెమ్మ పట్టింది. ఐదు రోజుల్లో ఉదయ్ భాస్కర్ ఐదు వందలసార్లు లాగాడు. గడ్డి మిషన్ నాలుగుసార్లు పలికింది, ట్రాక్టర్ మూడుసార్లు. ఆయన కుడిచెయ్యి అన్నం ముద్ద నోటిదాకా ఎత్తలేని స్థితికి వచ్చింది. తండా మొత్తం పొద్దున్నే పనులు మానుకుని వచ్చి కూర్చునేది. ఆయన తాడు పట్టుకోగానే అందరూ ఊపిరి బిగబట్టేవాళ్ళు, ఇంజన్ తుస్సుమనగానే అందరూ కలిసి వదిలేవాళ్ళు. ఇంత చక్కటి కాలక్షేపం తండాకు ఎన్నడూ దొరకలేదు. నేను కూడా నవ్వాను, దాచడమెందుకు.

నవ్వనిది పూలి ఒక్కతే. ఆమెకు లెక్క అర్థమైంది. నాలుగు మూడు కంటే ఎక్కువ. ఇలాగే సాగితే ఆమెకు గడ్డి మిషన్ వస్తుంది, ట్రాక్టర్ ఖమ్మం పోతుంది.

ఆరోరోజు పొద్దున ఆమె జొన్నరొట్టె కాలుస్తూ కాలుస్తూ లేచి వచ్చింది. రూప్లా చేతిలోంచి పానా తీసుకుని ట్రాక్టర్ ప్లగ్గు విప్పింది. దాన్ని తీసుకెళ్ళి పొయ్యిలో నిప్పుల అంచున పెట్టి రొట్టె తిరగేసింది. ప్లగ్గు వేడెక్కాక కొంగుతో పట్టుకొచ్చి బిగించింది.

"ఇప్పుడు గుంజు సారూ."

ఆయన ఎడమచేత్తో, పెద్ద ఆశ ఏమీ లేకుండా లాగాడు. ట్రాక్టర్ ఒక్క లాగుకే లేచింది.

వాగు ఒడ్డున కిరోసిన్ ఇంజన్లతో నీళ్ళు తోడుకునే వాళ్ళందరూ వానాకాలంలో చేసే పనే అది. కానీ ఆరోజు తండా ఊగిపోయింది. పూలి ట్రాక్టర్ పట్టుకుని వంగ మొక్కల చుట్టూ మూడుసార్లు దున్నింది. ముసలివాళ్ళు వెనకే నడిచారు, మేక కూడా నడిచింది. ఉదయ్ భాస్కర్ నొప్పి మరిచి చప్పట్లు కొట్టాడు. రూప్లా వాళ్ళ భాషలో ఏదో అన్నాడు, పూలి వారం రోజుల తర్వాత మొదటిసారి నవ్వింది. (ఆ భాష సాక్షికి రాదు కనుక నమోదు కాలేదు.)

చప్పట్లు అయ్యాక ఉదయ్ భాస్కర్ ఫారం చూశాడు. ముఖం మారింది. ఊళ్ళోకి వెళ్ళి ఎస్టీడీ బూత్ నుంచి పై అధికారిణి నిర్మలాదేవి గారికి ఫోన్ చేశాడు. ఆమె అంతా విని ఒక్క ప్రశ్న అడిగారట. "ఇంతకీ స్టార్ట్ చేసింది ఇంజనా, పొయ్యా?"

విభాగం పుట్టాక ఇంత లోతైన ప్రశ్న ఎవరూ వేయలేదు. ఏడోరోజు జవాబు రాబట్టారు. పొయ్యి సాయంతో గడ్డి మిషన్ యాభైకి యాభై, ట్రాక్టర్ యాభైకి యాభై. సాయం లేకుండా రెండూ సున్నా. మర్నాడు నిర్మలాదేవి గారే జీపులో వచ్చి లెక్కలు చూసి తీర్పు చెప్పారు. ఇంజన్లు రెండూ సమానంగా నమ్మదగనివి. పరీక్షలో ఒక్కసారి కూడా విఫలం కానిది పొయ్యి ఒక్కటే. పదకొండో నిబంధన ప్రకారం పొయ్యిని లబ్ధిదారుకు మంజూరు చేస్తున్నాం, ఇంజన్లను ఆఫీసుకు తరలిస్తున్నాం.

"నా పొయ్యి నాకే ఇస్తరా మేడం?" అంది పూలి.

"మరి ఇంకెవరికిస్తామమ్మా? దరఖాస్తు పెట్టింది నువ్వే కదా."

కొబ్బరికాయ కొట్టారు. మట్టి పొయ్యి నేలకు అంటుకుని ఉండడంతో చేతికి అందించడం కుదరలేదు. అందుకని పొయ్యికి దండ వేసి, మీద తెల్లరంగుతో నంబరు రాసి, పూలిని పక్కన నిలబెట్టి ఫోటో తీశారు. పొయ్యి కనిపించడం లేదని ఆమెను రెండడుగులు జరగమన్నారు. రొట్టె కూడా తీసేయించారు. "ముట్టింది" అని రాసి వేలిముద్ర వేయించుకున్నారు. ఒకసారి లబ్ధి పొందినవారికి ఐదేళ్ళ దాకా మరో పరికరం ఇవ్వకూడదని మేడం నవ్వుతూ చెప్పారు.

ఉదయ్ భాస్కర్ వెళ్తూ వెళ్తూ పూలి వైపు చూడలేకపోయాడు. "లాన్ రద్దు చేశానమ్మా. ఇక దున్నుకోవచ్చు," అన్నాడు మెల్లగా. ఆయన చేయగలిగిన మేలు అదొక్కటే, అది చేశాడు. రెండు ఇంజన్లూ టార్పాలిన్ కప్పుకుని లారీలో ఖమ్మం వెళ్ళాయి. ఆఫీసు ముందు గడ్డీ లేదు, తోటా లేదు, సిమెంటు గచ్చు ఉంది. అక్కడ అవి క్షేమంగా ఉన్నాయని తర్వాత తెలిసింది.

నేను మాత్రం తండాలోనే ఉండిపోయాను. సిగ్గేసింది. ప్రతి పేజీ కింద నా సంతకం ఉంది మరి.

ఆ సాయంత్రం వాన గట్టిగా పడింది. మర్నాడు పొద్దున పదును బాగుంది. రూప్లా మిగిలిన ఎద్దును కాడికి ఒకవైపు కట్టాడు. రెండోవైపు ఎవరూ చెప్పకుండానే తానే దూరి, తువ్వాలు మడిచి మెడ మీద వేసుకున్నాడు. వెనక నాగలి మేడి పట్టుకుని పూలి "నడువ్" అంది.

రూప్లా ఒక్క మాటకే కదిలాడు. ఆ సంగతి రాయడానికి ఫారంలో గడి లేదు.