అత్తగారింటికి చేరిన మంచం

ఎవరు ఏ ఫైలు ముట్టుకోబోయినా "జాగ్రత్త!" అని కేకేసేవాడు కాబట్టి ఆఫీసులో అతని పేరే 'జాగ్రత్త' అయిపోయింది. అది మంచాలూ బీరువాలూ అమ్మే కంపెనీ. ఆర్డర్లు ఒక సాఫ్ట్‌వేర్‌లో పడతాయి. వ్యాన్లకు చీటీలు మరో సాఫ్ట్‌వేర్ ఇస్తుంది. ఆ రెంటినీ కలిపే కనెక్టరుకు, ఏ వివరం ఎక్కడినుంచి తీసుకోవాలో చెప్పే ఫైలు ఒకటుంది. దాని మీద సర్వాధికారాలూ మన జాగ్రత్తవే.

ఆ రోజు పెందలాడే వచ్చి, ఆ ఫైలు కొత్తగా రాసి, పరీక్షించి, పదింటికల్లా తీరిగ్గా కాఫీ తాగాలని అతని ప్లాను. పరీక్ష కోసం చిరునామా దగ్గర ఏదో ఒక ఇల్లు రాయాలి. తానుండేది అద్దిల్లు, నంబరు ఎప్పుడూ గుర్తుండి చావదు. అత్తగారిల్లు చప్పున గుర్తొచ్చింది, రాసేసి సేవ్ నొక్కాడు. పరీక్ష ఫోల్డరులో పడాల్సిన ఫైలు కాస్తా అసలు ఫోల్డరులో పడింది. ఇక అప్పట్నుంచి ఎవరు ఏం కొన్నా, చీటీ మీద పేరు వాళ్ళది, ఇల్లు మాత్రం అత్తగారిది.

పదిన్నరకు ఫోను మోగింది.

"అల్లుడుగారూ, మంచం వచ్చిందండీ," అంది అత్తగారు. ఆవిడ గొంతు వణుకుతోంది. "నా నడుం నొప్పి సంగతి మీకెవరు చెప్పారు? అమ్మాయేనా?"

ఎనిమిదేళ్ళ కాపురంలో ఆవిడకు అతను ఇచ్చింది ఒక్క గొడుగు. అదీ దారిలో వాన పడితే తనకోసం కొనుక్కుని, వాళ్ళింట్లో మర్చిపోయి వచ్చినది. "పొరపాటండీ" అనాల్సిన మనిషి, "అబ్బే, అదెంత పనండీ!" అనేశాడు. అనేసి నాలుక కరుచుకున్నాడు.

ఫైలు తెరిచి చూస్తే ఏముంది, అందరి చిరునామా అత్తగారిదే! గబగబా సరిచేశాడు కానీ, అప్పటికే మరో రెండు వ్యాన్లు పాత చీటీలతో బయల్దేరిపోయాయి. డ్రైవర్లకు ఫోన్ చేస్తే ఒక్కడూ ఎత్తడే! ఇంతలో భార్య ఫోను.

"అమ్మకి మంచం పంపావట! నాతో ఒక్కమాట కూడా అనలేదేం? నిన్ను పిసినారివని ఎన్నిసార్లు తిట్టానో. ఏమనుకోకేం."

"దాన్దేముందిలే," అన్నాడు. అంటుంటేనే సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

అరగంటకు మళ్ళీ అత్తగారు. "బీరువా వచ్చిందండీ."

"మరి... బట్టలు పెట్టుకోవద్దూ?"

మరో పావుగంటకు, "ఆరు కుర్చీలు వచ్చాయండీ. నేనుండేది ఒక్కదాన్నే కదా!"

"ఎవరైనా వస్తే కూర్చుంటారనీ..."

ఇటు మేనేజరు ఊగిపోతున్నాడు. "పళ్ళ డాక్టరుగారి మంచం ఏ గంగలో కలిసిందయ్యా?"

"ఆ ఫైలు నేనే తప్పు చోట సేవ్ చేశానండీ," అన్నాడు తలొంచుకుని.

"నువ్వా? జాగ్రత్తవి, నువ్వా?" గదిలో అందరూ పడీ పడీ నవ్వారు. "వ్యాన్ తీసుకెళ్ళి సామానంతా పట్రా. ఒక్క గీత పడినా ఊరుకోను."

దారిపొడుగునా ఒకటే బాధ. బీరువా, కుర్చీలు సరే, ఆ మంచం ఎలా అడగడం? ఆవిడ గొంతులోని ఆ వణుకు చెవుల్లోంచి పోవడం లేదు. చివరికి గుండె దిటవు చేసుకున్నాడు. మంచం తనే కొన్నట్టు చెప్పేస్తాడు. డాక్టరుగారికి అలాంటిదే ఇంకోటి పంపించి, దీని ఖరీదు జీతంలో కోయించుకుంటాడు.

తీరా చూస్తే అత్తగారి ముందుగదిలో ఇరుగుపొరుగు ఎనిమిదిమంది! అందర్నీ పిలిచి అల్లుడి గొప్ప చెబుతోంది కాబోలు అనుకునేసరికి అతనికి ముచ్చెమటలు పోశాయి.

"అత్తయ్యగారూ, ఆఫీసులో ఎవరో పొరపాటు చేశారు. బీరువా, కుర్చీలు వేరేవాళ్ళవి."

"ఎవరో అంటే?"

"నేనే."

"మరి మంచం?"

"అది మాత్రం మీకోసమే పంపానండీ. నడుం నొప్పి కదా అని..."

అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని, చేతిలోని చీటీ అతని ముందుకు చాపింది. "దీనిమీద ఎవరో పళ్ళ డాక్టరుగారి పేరుందండీ."

జాగ్రత్త చీటీ అందుకుని, ఆ పేరు చదివి, నాలుగు మడతలు పెట్టాడు.

"బీరువా వచ్చినప్పుడే అనుమానమొచ్చి చీటీలు చూశాను. కుర్చీలప్పుడైనా చెబుతారేమో అనుకున్నా," అందావిడ, కోపమేమీ లేకుండా. అదే అతన్ని ఎక్కువ బాధపెట్టింది. "దేనికీ కట్టిన అట్ట కూడా విప్పలేదు. వీళ్ళని మోయడానికి పిలిచాను. పాపం, మీరొక్కరే ఏం మోస్తారు?"

"మీకు కొత్తది కొంటానండీ. ఒట్టు. నిజంగా కొంటాను," అన్నాడు.

"వద్దులెండి బాబూ. పూటంతా కాకపోయినా, అరగంట సంతోషపడ్డాను."

ఎనిమిదిమందీ తలో చెయ్యీ వేసి మంచంతో సహా సామానంతా వ్యాన్ ఎక్కించారు. డ్రైవరు తన పక్క సీటు దులిపి రమ్మన్నాడు. జాగ్రత్త వెళ్ళి వెనక సామాన్ల మధ్య ఎక్కాడు. అక్కడ ఆరు కుర్చీలున్నా, ఆఫీసు దాకా నిలబడే వెళ్ళాడు.