పది మంది లోవరాజులు

ఆ పొద్దున యాజులు గారి పథకం చాలా చిన్నది. పదింటికల్లా జీడిమొక్కల జాబితా తీయించాలి, పదకొండింటికి లారీని గొలుగొండ పంపేయాలి, మధ్యాహ్నం ఇంటికెళ్లి వేడన్నం తినాలి. నర్సీపట్నంలో రైతులకు మొక్కలు పంచే ఒక చిన్న సంస్థకు ఆయన మేనేజరు. నాలుగింటిలోగా జాబితా రాకపోతే మొక్కలు వేరే మండలానికి వెళ్లిపోతాయి. రెండేళ్లుగా ఎదురుచూస్తున్న రైతులకు ఆయన ఇక ముఖం చూపించలేరు.

పదకొండయింది. కంప్యూటర్ తొంభై తొమ్మిది శాతం దగ్గర బిగుసుకుపోయింది.

"ఒక్క శాతానికి ఇంతసేపేటమ్మా?" అన్నారు కంప్యూటర్ పని చూసే ఫణిశ్రీతో.

"రైతుల లిస్టునీ, ఏ ఊళ్లో మొక్కలివ్వాలో రాసిన లిస్టునీ ఫోన్ నంబరు చూసి కలుపుతున్నామండి. నంబర్లని బట్టి పని ఎనిమిది భాగాలైంది. ఏడు ఎప్పుడో అయిపోయి ఖాళీగా కూర్చున్నాయి. ఎనిమిదో దాని మీద మూడు వేల వంద మంది పడ్డారు. అందరిదీ ఒకటే నంబరు."

"ఎవరిదది?"

"గొలుగొండ ఎరువుల కొట్టు లోవరాజు గారిది."

యాజులు గారు తల పట్టుకున్నారు. ఫోన్ లేనివాళ్లు లోవరాజు నంబరిచ్చారంటే సరే. ఉన్నవాళ్లూ అదే ఇచ్చారు! కబురేదైనా లోవరాజు నోట వింటేనే వాళ్లకు నమ్మకం.

"మూడింటిదాకా టైమివ్వండి," అంది ఫణిశ్రీ. "ఆ నంబరు వాళ్లని పది వాటాలు చేసి పది చోట్లకి పంచేస్తాను. రెండో లిస్టులో లోవరాజు గారి వరస పది కాపీలు తీసి వాటాకొకటి ఇస్తాను."

ఒక్క లోవరాజుతోనే వేగలేక చస్తుంటే పది మంది ఎందుకో యాజులు గారికి ఎంతకీ అర్థం కాలేదు. అసలా నంబరే లేకపోతే గొడవే ఉండదు కదా! ఫణిశ్రీకి చెప్పకుండా ఆ రైతులందరికీ సందేశం కొట్టేశారు: "లోవరాజు నంబరు వద్దు. వెంటనే మార్చండి." కింద తన పేరు, తన నంబరు.

మూడు వేల వంద సందేశాలూ లోవరాజు ఫోనుకే వెళ్లాయి.

పావుగంటలో లోవరాజు ఫోన్ చేశాడు. "ఏటండీ యాజులు గారూ! నానేటి తప్పు సేసినానండీ? ఫోను మోగడం ఆపట్లేదు. కొట్లో జనమంతా సూస్తున్నారు. నా పరువేటి కావాలి?"

"మీ తప్పు కాదయ్యా! కంప్యూటర్‌కి మీ బరువెక్కువైపోయింది."

"నానెప్పుడు ఎక్కినానండీ దానిమీద?"

"అయ్యో రామ! నంబరు మార్చండి బాబూ, అంతే."

"అలాగేనండి. బేగి మార్సెస్తాను."

సంస్థ పద్ధతి సులువు. పాత నంబరు నుంచి కొత్త నంబరు ఒక్కసారి పంపితే చాలు, దాని మీదున్న అందరికీ మారిపోతుంది.

మూడున్నరకు ఫణిశ్రీ లిస్టులు కలిపే పని మళ్లీ నడిపింది. మళ్లీ తొంభై తొమ్మిదే. ఆ పిల్ల ముఖం పాలిపోయింది. "పది వాటాల్లోనూ ఒక్క మనిషి లేడండీ! అందరూ ఇంకో నంబరు మీదకెళ్లిపోయారు."

బయట లారీ డ్రైవర్ సూరన్న హారన్ కొట్టాడు. "నాలుగైతే బండి తీసెస్తానండి! తరవాత నన్నంటే నాకు తెల్దు!"

యాజులు గారు లోవరాజుకు ఫోన్ చేశారు. "ఏ నంబరు పెట్టావయ్యా?"

"మీరు కింద రాసిందేనండి. మరెవరిదియ్యాలని కొట్లో అందర్నీ అడిగినాను. యాజులు గారి మాటైతే మాకూ నమ్మకమే అన్నారండి."

యాజులు గారికి గర్వమూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఫణిశ్రీ లోవరాజు నంబరున్న చోట యాజులు గారి నంబరు వేసి, పది మంది యాజులు గార్లను తయారు చేసింది. రెండు నిమిషాల్లో జాబితా బయటికొచ్చింది. నాలుగవడానికి అయిదు నిమిషాలుండగా లారీ గొలుగొండ దారి పట్టింది. ఆయన కుర్చీలో కూలబడి, దేవుడికి దండం పెట్టుకున్నారు.

అంతలో ఆయన ఫోన్ మోగింది. మళ్లీ మోగింది. ఇక ఆగలేదు. "మీ మొక్కలు వస్తున్నాయి, వచ్చి తీసుకోగలరు" అని రైతు పేరుతో సహా ఒక్కొక్కరికీ వెళ్లాల్సిన సందేశాలవి.

"మరి వాళ్లకి చెప్పేదెవరండీ?" అంది ఫణిశ్రీ.

ఆ సాయంత్రం గొలుగొండ వీధుల్లో ఆటోకి మైకు కట్టించుకుని, యాజులు గారు మూడు వేల వంద పేర్లూ ఒకటో నంబరు నుంచి చదవడం మొదలుపెట్టారు.