అరంగుళం ఎక్కువ

మా ఊళ్లో చట్టం తెలియనివాడు లేడని సవినయంగా మనవి చేసుకుంటున్నాను. ఊరి మధ్య వాగు పారుతుంది. ఇవతల ఒక రాష్ట్రం, అవతల ఇంకొకటి. నడుముకి పిస్తోలు కట్టుకుని ఎటైనా తిరగొచ్చు. పౌరుల మీద రెండు ప్రభుత్వాలకీ అంత నమ్మకం. చాకు సంగతి వేరు. ఇవతల ఎంత పొడవున్నా ఫరవాలేదు, అవతల నాలుగంగుళాలు దాటింది చేత్తోనో జేబులోనో పట్టుకు తిరిగితే నేరం. ఈ కొలతల గొడవెందుకని చాలామంది చాకులే మానేశారు.

హాలిస్ గ్రబ్ ముసలాయన మానలేదు. ఆయన మడత చాకు నాలుగున్నర అంగుళాలు. పోయిన భార్య పెళ్లిరోజుకి ఇచ్చింది. గడ్డిమోపుల తాళ్లు తెంచడం, నోట్లో పళ్లు లేని ఆయనకి ఆపిల్ ముక్కలు చెయ్యడం తప్ప అది చేసిన ఘోరాలేవీ లేవు. అయినా బాధ్యత గల మనిషి కాబట్టి ఫైర్ స్టేషన్లో పెట్టిన ఆయుధ చట్టాల క్లాసుకి వెళ్లి నోట్సు రాసుకున్నాడు. ప్రతి ఆదివారం అవతలి గట్టున ఉన్న చర్చికి పోతూ, వంతెన ముందు ట్రక్కు ఆపి చాకుని పనిముట్ల పెట్టెలో పెట్టి తాళం వేసేవాడు.

ఆ మధ్య ఒక ఆదివారం చర్చి ఎదుటే ఓపల్ ట్రాస్క్ కారు గోతిలో బోల్తా పడింది. సీటు బెల్టు ఆవిడ మెడకి చుట్టుకుంది. పదకొండు మంది పెద్దమనుషులం పరుగెత్తాం. పదకొండు పిస్తోళ్లు, ఒక్క చాకూ లేదు.

"బెల్టుని కాల్చేద్దామా?" అన్నాడు మేత దుకాణం క్లైడ్.

"దాని వెనకాల మెడుంది నాయనా," అన్నాడు పాస్టరు.

"గురి సంగతి నాకొదిలెయ్యండి."

ఈ చర్చ సాగుతుండగా హాలిస్ పెట్టె తాళం తీశాడు, చాకు పట్టుకుని పది అడుగులు నడిచాడు, బెల్టు కోశాడు. ఓపల్ ఊపిరి పీల్చుకుంది.

షెరీఫ్ గారి మనిషి డార్నెల్ వచ్చి ముందు చాకుని కొలిచాడు, తర్వాత ఓపల్‌ని పలకరించాడు.

"అరంగుళం ఎక్కువుంది బాబాయ్. రోడ్డు మీద చేత్తో పట్టుకుని నడిచావట. నేనేం చెయ్యను?"

"ఊపిరాడక చచ్చిపోతోందిరా ఆవిడ."

"అది వేరే సెక్షను."

కోర్టులో పదకొండు మందిమీ చూసింది చూసినట్టు చెప్పాం. ప్రమాణం చేశాక అబద్ధమాడలేం కదా. ఓపల్ కూడా, "పొడుగ్గానే ఉందండీ," అంది. జడ్జిగారు హాలిస్ సాహసాన్ని వేనోళ్ల పొగిడి, చాకుని కరిగించెయ్యమన్నారు. ముసలాయన ఖాళీ జేబు తడుముకోవడం చూశాను. అయినా నా సాక్ష్యం నేను మార్చుకోలేదు.

మనిషి మరీ దిగులు పడ్డాడని, తర్వాతి ఆదివారం మేమంతా కలిసి ఆయనకో పిస్తోలు బహూకరించాం. ఓపల్ స్వయంగా నడుముకి కట్టింది.

"ఇప్పుడు నిన్ను చూస్తే భయం లేదు హాలిసన్నా," అంది.

చర్చి భోజనాల్లో ఎవరో ఆయన చేతిలో ఆపిల్ పెట్టారు. ఆయన ఆ పండుని, నడుమున ఉన్న పిస్తోలుని కాసేపు మార్చి మార్చి చూసి, పండుని పళ్లెంలో పెట్టేశాడు. చట్టం మీద ఆయనకున్న ఆ గౌరవానికి మేం లేచి నిలబడి చప్పట్లు కొట్టాం.