నవంబరు పదమూడున ఎర్ర చొక్కా

నవంబరు 13, గురువారం ఉదయం 8 గంటల 52 నిమిషాలకు మారేడ్‌పల్లిలోని ఒక ప్రైవేటు హైస్కూలు అసెంబ్లీలో పదో తరగతి బి సెక్షన్ విద్యార్థి వాసు ఎర్ర చొక్కాతో నిలబడ్డాడు. మిగతా ఆరువందల పదకొండు మంది యూనిఫాంలో ఉన్నారు.

ఆ స్కూలుకు మామూలు రోజున యూనిఫాం లేకుండా రావడానికి ఒకటే దారి. పుట్టినరోజు కావాలి. పుట్టినరోజు ఉన్నవాళ్లు కలర్ డ్రెస్ వేసుకోవచ్చు. తమ తరగతిలో అందరికీ, మిగతా పదమూడు తరగతుల్లో టీచర్లకూ చాక్లెట్లు పంచవచ్చు. ప్యాకెట్ పట్టుకోవడానికి తోడు ఒకరిని ఎంచుకోవచ్చు. తోడు వెళ్లినవాళ్లకు రెండో పీరియడ్ ఉండదు. ఎవరు ఎవరిని తోడు తీసుకెళ్లారన్నది ఆ వారమంతా స్కూల్లో వార్త.

వాసు ఈ స్కూల్లో చేరింది ఏడో తరగతిలో. నాలుగేళ్లలో అతణ్ణి ఎవరూ తోడు పిలవలేదు. అతని పుట్టినరోజు కూడా ఎప్పుడూ రాలేదు. అడ్మిషన్ రిజిస్టర్లో అతని పుట్టిన తేదీ జూన్ 5. స్కూలు తెరిచేది జూన్ 12న. ఆ తేదీ శ్రీకాకుళం జిల్లాలో మొదట చేర్పించిన బడి మాస్టారు వేసింది. ఒకటో తరగతికి ఆరేళ్లు నిండాలన్నారు. వాసుకు ఐదు నెలలు తక్కువయ్యాయి. మాస్టారు సర్దారు. అసలు పుట్టినరోజు నవంబరు 13 అని వాసుకు చెప్పింది తండ్రి వరహాలబాబు. ఆయన కొరియర్ వ్యాన్ నడుపుతాడు. సామాను దించుతూ ఫోన్లో చెప్పాడు.

బి సెక్షన్ చివరి బెంచీ చెత్తబుట్ట పక్కన ఉంటుంది. అక్కడ వాసు, హదస్సా కూర్చుంటారు. హదస్సా బొల్లారం నుంచి బస్సులో వస్తుంది. బస్సులో ఇంగ్లిష్ హైస్కూలు సినిమాలు చూస్తుంది. అప్పటికి ముప్పై నాలుగు చూసి ఒక నోట్‌బుక్‌లో రాసుకుంది. ఆ నోట్‌బుక్ ప్రకారం అన్ని సినిమాల్లోనూ ఒకరు లంచ్ ఒంటరిగా తింటారు. ముందు వరసలో ఇంకొకరు ఉంటారు, వాళ్లకు వీళ్ల పేరు తెలియదు. నలభయ్యో నిమిషం దగ్గర బట్టలు మారతాయి. వరండాలో అందరూ తల తిప్పుతారు.

"మనకి బట్టలు మార్చే ఛాన్స్ ఇయర్‌కి ఒక్క రోజే," అంది హదస్సా. "దాన్ని వేస్ట్ చేయకు."

వాసు విషయంలో ముందు వరసలో ఉన్నది క్లాస్ లీడర్ లాస్య. ఆ ఏడాది అప్పటికి పదకొండు మంది ఆమెను తోడు తీసుకెళ్లారు. వాసు పేరు ఆమెకు తెలుసా లేదా అన్నది రూఢి కాలేదు. తన పుట్టినరోజున లాస్య ప్యాకెట్ పట్టుకుని పక్కన నడవాలి, పదమూడు తరగతులూ చూడాలి. వాసు కోరిక ఇదొక్కటే.

ఈ ప్లాన్ షురూ చేసే ముందు హదస్సా ఒక షరతు పెట్టింది. "ఈ సినిమాల్లో ఎండింగ్‌కి హీరోకి పక్క సీట్ ఫ్రెండే నచ్చుద్ది. ఆ లైన్ మనకొద్దు. నువ్వు నాకు నచ్చవు."

"నాకూ అంతే," అన్నాడు వాసు. ఇద్దరూ చేతులు కలిపారు. చొక్కా జనరల్ బజార్‌లో, వంద చాక్లెట్ల ప్యాకెట్ మోండా మార్కెట్‌లో కొన్నారు.

8:54కి పీఈటీ ప్రభుదాస్ వాసును లైన్లోంచి బయటికి పిలిచాడు. 9:10కి వాసు ప్రిన్సిపాల్ మేబెల్ గదిలో ఉన్నాడు. మేబెల్ రిజిస్టర్ తెమ్మంది. క్లర్క్ తుకారాం తెచ్చి పేజీ తీశాడు.

"జూన్ ఐదు ఉన్నది మేడమ్," అన్నాడు.

"అది స్కూల్ బర్త్‌డే సార్. ఇవాళ నా బర్త్‌డే," అన్నాడు వాసు.

"మనిషికి రెండుంటాయా?" అంది మేబెల్.

"నాకు రెండున్నాయి మేడమ్. ఒక్కటి కూడా చేసుకోలేదు."

మేబెల్ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. మర్నాడు చిల్డ్రన్స్ డే అని, స్కూలంతా కలర్ డ్రెస్‌లోనే వస్తుందని, ఈ చొక్కా రేపు వేసుకొమ్మని చెప్పింది.

"రేపు అందరూ వేసుకుంటారు మేడమ్," అన్నాడు వాసు.

పిల్లలు మరిచిపోయిన బట్టల పెట్టెలోంచి ప్రభుదాస్ ఒక యూనిఫాం చొక్కా తీసి ఇచ్చాడు. వాసు తీసుకోలేదు. మార్చుకునే దాకా ఆఫీసు బయట నిలబడమని మేబెల్ చెప్పింది. చాక్లెట్ల ప్యాకెట్ తుకారాం బల్ల మీదికి పోయింది.

"నిలబడతా మేడమ్," అన్నాడు వాసు. వెళ్లి నిలబడ్డాడు.

ఆఫీసు మెట్ల పక్కన ఉంటుంది. ల్యాబ్‌కు పోయినా, నీళ్లకు పోయినా ఆ మెట్ల మీదుగానే పోవాలి. పదకొండు గంటలకల్లా స్కూల్లో ఎర్ర చొక్కాను చూడనివాళ్లు లేరు. నలభయ్యో నిమిషం సీన్ కంటే ఇదే నయమని హదస్సా నోట్‌బుక్‌లో రాసుకుంది.

అంతకుముందే, 9:48కి లాస్య అటెండెన్స్ రిజిస్టర్ ఇవ్వడానికి ఆఫీసుకు వచ్చింది. వాసు అడిగాడు. మేడమ్ పర్మిషన్ ఇస్తే తనతో తోడు వస్తావా అని.

లాస్య చొక్కాను చూసింది. "సెకండ్ పీరియడ్ మ్యాథ్స్. పదకొండు సార్లు పోయిన. పదకొండు మ్యాథ్స్ క్లాసులు పోయినయ్. నేను రాను." రెండడుగులు వేసి ఆగింది. "నీ పేరు రాజు కదా?"

"వాసు."

"ఓకే," అని వెళ్లిపోయింది. వాసు అక్కడే నిలబడ్డాడు. చొక్కా మార్చుకోలేదు.

ఈలోగా తుకారాంకు భయం పట్టుకుంది. పదో తరగతి పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు బోర్డుకు పంపే పని ఆ వారమే ఉంది. అక్కడ ఏ తేదీ పడితే సర్టిఫికెట్లో జీవితాంతం అదే ఉంటుంది. కిందటేడు ఒక పిల్లవాడి ఇంటిపేరులో ఒక అక్షరం పోతే అతని తండ్రి మూడు రోజులు తుకారాం ఎదుట కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. తుకారాం లిస్టు పట్టుకుని 10:40కి బి సెక్షన్‌కు వెళ్లాడు.

"అసలు పుట్టిన తేదీ వేరే ఉన్నోళ్లు జెర చెయ్యెత్తుండ్రి," అన్నాడు.

తరగతిలో నలభై మంది ఉన్నారు. ఇరవై ఆరు చేతులు లేచాయి. లాస్య చెయ్యి వాటిలో ఉంది. తమకు సుత కలర్ డ్రెస్ ఇస్తారా అని ఒకడు అడిగాడు. తమ అసలు పుట్టినరోజు ఇవాళేనని ఇద్దరు లేచి నిలబడ్డారు. వాళ్లలో ఒకడు పోయిన నెలలోనే చాక్లెట్లు పంచాడు.

తుకారాం బయటికి వచ్చి 10:55కి తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెట్టాడు. మీ పిల్లల అసలు పుట్టిన తేదీ గురించి వెంటనే ఆఫీసుకు రాగలరు. పదో తరగతి పరీక్షల విషయం. రెండు వాక్యాలూ నిజమే. పక్కపక్కన చదివినవాళ్లకు తమ పిల్లలను పరీక్ష రాయనివ్వడం లేదని అర్థమైంది.

12:15కి గేటు దగ్గర పంతొమ్మిది మంది తల్లిదండ్రులున్నారు. ఒకరు జాతకం తెచ్చారు. ఒకరు పురుడు పోసిన మేనత్తను తెచ్చారు. ఒకాయన ఏమీ తేలేదు, ఫీజులన్నీ కట్టానని మాత్రం అందరికీ చెబుతున్నాడు. ప్రభుదాస్ విజిల్ వేసి వాళ్లను లైన్లో నిలబెట్టాడు.

లాస్య తండ్రి రాఘవేందర్ మోండా మార్కెట్‌లో వెల్లుల్లి వ్యాపారి. దుకాణం వదిలి వచ్చాడు. లైన్లో నిలబడలేదు, నేరుగా మేబెల్ గదిలోకి వెళ్లాడు.

"గా డేట్ ముట్టకుండ్రి మేడమ్," అన్నాడు. "ఆధార్ల గదే, పాస్‌పోర్ట్‌ల గదే. మే ఇరవై రాపిచ్చినం. ఇప్పుడు ఇంకో పుట్టినరోజు పెట్టి మమ్ముల పరేషాన్ చెయ్యకుండ్రి."

లాస్యను పిలిపించారు. ఆమె తండ్రి పక్కన నిలబడింది.

"మే ఇరవైకి స్కూల్ ఉండది డాడీ," అంది. "పదకొండు మంది ప్యాకెట్లు మోసిన. నా ప్యాకెట్ ఒక్కసారి సుత లేదు."

ఈ మాట తలుపు పక్కన నిలబడ్డ వాసు విన్నాడు.

12:40కి వాసు తల్లి రాజులమ్మ వచ్చింది. ఆమె ఇంట్లో మిషన్ కుడుతుంది. మెడలో టేపు అలాగే ఉంది. గదిలో అప్పటికి పన్నెండు మంది ఉన్నారు. తేదీ చెప్పమని తుకారాం అడిగాడు. వాసు లోపలికి వచ్చి తల్లి పక్కన నిలబడ్డాడు. ఉదయం నుంచి అతనికి సాక్షి లేడు. ఇప్పుడు వచ్చింది.

"తేదీలు నాకు తెలీవండి," అంది రాజులమ్మ. "మా ఓడు నాగుల చవితి ఎల్లిన ఐదో నాడు పుట్టినాడు. ఆదివారం. ఆల్ల నాన్న సంతకెల్లి తిరిగొచ్చే యేలకి పుట్టీసినాడు."

తుకారాం ఫోన్లో పదిహేనేళ్ల కిందటి క్యాలెండర్ తీశాడు. ఆ ఏడు నాగుల చవితి నవంబరు 9. తొమ్మిదికి ఐదు కలిపాడు. ఆదివారం ఏ తేదీ పడిందో చూశాడు. రెండు లెక్కలూ కలిశాయి. ఫోన్‌ను ముందు మేడమ్‌కు, తర్వాత వాసుకు చూపించాడు.

"పద్నాలుగు," అన్నాడు. "అంటే రేపు."

వాసు తల్లి వైపు తిరిగాడు.

"నాన్న పదమూడన్నాడు."

"ఆయనక్కడ లేడు. నానున్నాను," అంది రాజులమ్మ. "నన్నడిగినావేటి?"

వాసు ప్రభుదాస్ దగ్గరికి వెళ్లి యూనిఫాం చొక్కా అడిగి తీసుకున్నాడు. ఇప్పుడెందుకు మారుస్తున్నావని మేబెల్ అడిగింది.

"ఇవాళ నా బర్త్‌డే కాదు కదా మేడమ్," అన్నాడు. ఆ చొక్కా చేతులు అతనికి మోచేతుల పైకి వచ్చాయి.

1:15కి మేబెల్ నిర్ణయం చెప్పింది. బోర్డుకు రిజిస్టర్లో ఉన్న తేదీలే వెళతాయి. స్కూలుకు మాత్రం రేపటి నుంచి అసలు పుట్టినరోజుల నోట్‌బుక్ ఒకటి వేరే ఉంటుంది, కలర్ డ్రెస్ దాని ప్రకారమే. తల్లిదండ్రులు వెళ్లిపోయారు. తుకారాం కొత్త నోట్‌బుక్‌కు అట్ట వేసి, స్టాఫ్‌కు సుత ఒక పేజీ పెట్టాలా అని అడిగాడు. రికార్డుల్లో మేబెల్ పుట్టినరోజు జూలై 1. ఆ రోజు స్టాఫ్ ఏటా కేక్ తెస్తారు. మేబెల్ ఆ కేక్ తినగా ఎవరూ చూడలేదు.

"ఫిబ్రవరి పంతొమ్మిది," అంది మేబెల్. తుకారాం మొదటి లైన్లో రాశాడు.

4:05కి ఎర్ర చొక్కాను, ప్యాకెట్‌ను సంతకం పెట్టించుకుని వాసుకు తిరిగి ఇచ్చారు. గేటు బయట హదస్సా ఉంది. రేపు ఆరువందల మంది కలర్ డ్రెస్‌లో వస్తారని, సీన్ పోయిందని ఆమె అంది. పోలేదని వాసు అన్నాడు.

నవంబరు 14, శుక్రవారం ఉదయం 8:45కి ప్రభుదాస్ గేటు దగ్గర వాసును ఆపాడు. వాసు యూనిఫాంలో ఉన్నాడు. ఇస్త్రీ చేసి ఉంది. టై కూడా ఉంది.

"ఇయ్యాల నీ బర్త్‌డేనే కదరా. నిన్న గంత లొల్లి చేసినవ్. గీ యూనిఫాం ఏందీ?"

"బర్త్‌డే కాబట్టే సార్."

ప్రభుదాస్ స్కూల్ డైరీ తెరిచాడు. చిల్డ్రన్స్ డే నాడు కలర్ డ్రెస్ వేసుకోవచ్చు అని ఉంది. వేసుకోవాలి అని లేదు. లోపలికి పంపాడు.

8:52కి అసెంబ్లీలో ఆరువందల పదకొండు మంది రంగుల్లో ఉన్నారు. ఒకడు యూనిఫాంలో నిలబడ్డాడు. తలలు అటు తిరిగాయి. బి సెక్షన్ ముందు వరసలో లాస్య కూడా తల తిప్పిందని హదస్సా నోట్‌బుక్‌లో ఉంది.

9:45కి పిల్లలూ టీచర్లూ గ్రౌండ్‌లో కూర్చున్నారు. ఆ రోజు టీచర్లు డాన్స్ చేస్తారు. వాసు ప్యాకెట్ తీశాడు. గ్రౌండ్‌లో పంచితే కాగితాలు ఊడ్చేవాళ్లు లేరని, రూల్ ప్రకారం క్లాసుల్లోనే పంచుకొమ్మని ప్రభుదాస్ చెప్పాడు. సరే అని వాసు ముందు వరసకు వెళ్లి లాస్య దగ్గర ఆగాడు.

"తోడొస్తావా?"

"క్లాసులల్ల ఎవ్వలు లేరు కదా, వాసూ."

"తెలుసు."

లాస్య స్టేజీ వైపు చూసింది. తుకారాం మైకు సరిచేస్తున్నాడు. ఆమె లేచి చున్నీ దులుపుకుంది.

"ఇయ్యాల మ్యాథ్స్ లేదు," అని ప్యాకెట్ అందుకుంది.

ఇద్దరూ మెట్లెక్కడం గ్రౌండ్‌లో అందరూ చూశారు. పద్నాలుగు గదులూ తలుపులు తీసి ఉన్నాయి, ఫ్యాన్లు ఆపి ఉన్నాయి. వాళ్లు ఒక్కో గదిలోకీ వెళ్లి బయటికి రావడం కింది నుంచి కనిపించింది. పద్నాలుగో గది నుంచి రావడానికి మాత్రం ఆరు నిమిషాలు పట్టింది. 10:21కి కిందికి దిగారు. లాస్య తన వరసలోకి వెళ్లి కూర్చుంది.

ప్యాకెట్‌లో వంద చాక్లెట్లు ఉండాలి. హదస్సా రెండుసార్లు లెక్కపెట్టింది. తొంభై ఎనిమిది ఉన్నాయి.