అక్క పేరు మీద వచ్చిన కోడిపిల్లలు

శనివారం ఉదయానికి వెర్నా పెల్కీ వేసుకున్న పథకం చిన్నది. రాత్రి నానబెట్టిన బీన్స్‌ను మట్టికుండలో పోసి ఓవెన్‌లోకి నెట్టాలి. పక్క వీధిలో అక్క ఇంటికి వెళ్లి కోడిపిల్లలకు నీళ్లు పోసి రావాలి. సాయంత్రం చర్చి విందు దాకా ఒక కునుకు తీయాలి. అక్క ఎడ్నా జనవరిలో పోయింది. కోడిపిల్లలు మొన్న వచ్చాయి.

"ఎడ్నాకి పార్సిల్ వచ్చింది," అని పోస్టాఫీసు నుంచి గ్లెనిస్ వెర్నాకు ఫోను చేసింది. "లోపల కిచకిచమంటున్నాయి. పోయినావిడకి ఎలా అందజెయ్యాలో నాకు తెలీదు గానీ, నువ్వొచ్చి పట్టుకుపో తల్లీ!" మంచం పట్టి కూడా ఎడ్నా ఎప్పటిలాగే వసంతానికి ఆర్డరు పెట్టేసి మరీ పోయింది.

వెర్నా ఇంట్లో పిల్లి ఉంది. అందుకని కోడిపిల్లల్ని అక్క ఇంటి మేడ మీద స్నానపుతొట్టిలో దింపి, పైన ఎర్రటి వేడిదీపం వేలాడదీసి, కింద చెక్క తురుము పరిచింది. మొదటివారం కాగితమే పరవాలని ఎడ్నా జీవితమంతా పోరింది. "కాళ్ల కింద ఏముంటే అదే మింగుతాయే మొద్దూ!" అనేది. "కోళ్లకి నీకంటే బుద్ధెక్కువ" అని వెర్నా జవాబు.

సముద్రం మీది పొగమంచు వీధంతా కమ్మేసింది. తడిసిన కోటు విప్పి, తలుపు వెనక వేలాడుతున్న అక్క నీలం గౌను తొడుక్కుని వెర్నా మేడెక్కింది. ఆవిడ అడుగు పెట్టగానే పిల్లలన్నీ ఒక్కసారిగా గప్‌చుప్ అయ్యాయి. ఎవరో ఇప్పుడే లేచి వెళ్లినట్టు ఆ గదిలో ఒక చలి.

అన్నిటికంటే చిన్నది మూలన ముడుచుకుని ఉంది. మెడ కింది మేత సంచి గులకరాయిలా గట్టిపడింది. ముక్కుకు చెక్క తురుము అంటుకుని ఉంది. అక్క మిగిల్చి వెళ్లినవే ఇవి, అందులో ఒకటి సరిగ్గా అక్క చెప్పినట్టే చావబోతోంది.

దాన్ని ఒళ్లో పెట్టుకుని, గోరువెచ్చని నీళ్లూ ఆలివ్ నూనే చుక్కచుక్కగా ముక్కు అంచున రాసింది. మేత సంచిని వేలితో మెల్లగా నిమురుతూ, ముందుకూ వెనక్కూ ఊగుతూ కూర్చుంది. కాస్త మెత్తబడింది. అరగడానికి సన్నటి ఇసుక కావాలి, అది నేలమాళిగలో ఉంది. పిల్లను తొట్టిలో ఉంచి కిందికి దిగింది.

ఇసుక డబ్బా అందుకుంటుండగా పైన అడుగుల చప్పుడు వినిపించింది. బరువుగా, ఆగి ఆగి. సరిగ్గా స్నానాలగదిలోనే. ఆ స్నానాలగది గోడలోంచి మాసిన బట్టలు కిందికి జారవిడిచే గొట్టం వెర్నా తల పక్కనే ఉంది. చిన్నప్పుడు అక్కాచెల్లెళ్లిద్దరూ అందులోంచే ఒకరినొకరు భయపెట్టుకునేవారు. వెర్నా దానికి నోరానించింది.

"నువ్వు చెప్పిందే నిజం," అంది. "ఇన్నేళ్లూ నేనే మొండికేశాను. ఇంక పోట్లాడను."

పైన ఏదో ధబ్బున పడింది.

చాలాసేపటికి ధైర్యం కూడగట్టుకుని వెర్నా పైకి వెళ్లింది. చెక్క తురుమంతా బకెట్లో ఉంది. తొట్టి నిండా పేపర్ టవళ్లు, మూలలు లోపలికి మడిచి, అచ్చం అక్క పరిచినట్టు. చిన్నపిల్ల లేచి నిలబడి, చెక్క ముక్కలతో సహా రెట్ట వేసి, ఇసుక కోసం అరిచింది. వెర్నా తొట్టి అంచున కూలబడి కళ్లు తుడుచుకుంది.

సాయంత్రం చర్చిలో బీన్స్ కుండ దించేసరికే జనమంతా ఎడ్నా పక్కింటి ఆరిన్ చుట్టూ మూగి ఉన్నారు.

"పొద్దున ఎడ్నా మేడ కిటికీలో, ఎర్రటి వెలుగులో నీలం గౌను! ఊగుతోంది!" అంటున్నాడు ఆరిన్. "మనకి భయమా? తలుపు తోసుకుని మేడెక్కాను. గోడలోంచి ఎడ్నా గొంతు! 'నువ్వు చెప్పిందే నిజం' అంది. విన్నారుగా? ఇన్నేళ్లూ ఆవిడతో నేను వాదించింది అదేగా, బీన్స్‌లో మేపుల్ పాకమే పొయ్యాలి, బెల్లప్పాకం కాదు. చచ్చాకైనా ఒప్పుకుంది!"

కొందరు అప్పుడే బెల్లప్పాకం పోసిన బీన్స్ గిన్నెలు పక్కకు జరుపుతున్నారు. వెర్నాకు ఒక్కసారిగా అంతా అర్థమైంది, ఒళ్లు మండింది. బతికుండగా ఎవరికీ తలవంచని మనిషి, చచ్చి ఈ ఆరిన్‌కి తలవంచడమా?

"ఆ గొంతు నాది!" అని అరిచింది. "మా అక్కతో అన్నాను. కాగితం విషయంలో తనదే రైటు. బీన్స్ విషయంలోనూ తనదే. నువ్వు నోరు మూసుకుని తిను."

గది గదంతా నవ్వింది. ఆరిన్ చెవులు ఎర్రబడ్డాయి. వెర్నాకు కాస్త జాలేసింది. కాస్త దిగులు కూడా వేసింది, పైనున్నది అక్క కాదని తేలిపోయింది కదా.

"పోన్లే, కాగితం బాగా పరిచావు. పిల్ల బతికింది," అంది.

"ఏ కాగితం?"

"తొట్టిలో పరిచావుగా."

"నేనా? ఆ గొంతు వినగానే మెట్ల మీంచి దొర్లాను తల్లీ! లేచిన చోటు మా వాకిలి. నేనేం పరవలేదు."

ఎవరూ నవ్వలేదు. బెల్లప్పాకం గిన్నెలు మెల్లగా మధ్యకు తిరిగొచ్చాయి.

మరుసటి జనవరిలో కోడిపిల్లలకు ఆర్డరు పెట్టేటప్పుడు వెర్నా అక్క పేరే ఇచ్చింది. పని చేసేది ఎలాగూ ఆవిడే కదా.