గుంటల్లేని ఐసు

సోమవారం ఐసు స్కేటింగ్ రింకుకి సెలవు. ఆ రోజుకి కునుగి తత్సుజో పెట్టుకున్న పనులు రెండే రెండు. మునిసిపల్ ఆఫీసులో ఒక కాగితం ఇచ్చేయడం, అక్కణ్ణుంచి తిన్నగా వేడినీటి స్నానాల ఇంటికి పోయి, మెడ దాకా మునిగి, సాయంత్రం వరకూ లేవకపోవడం. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఒగానుమా ఊరి రింకులో ఐసు చేస్తున్న మనిషికి అంతకు మించి కోరుకోవడానికి ఒంట్లో ఓపిక ఉండదు.

ఆ కాగితం సంగతి వేరే చెప్పాలి. టోక్యోలో ఎవరో స్కేటింగ్ మీద ఒక యానిమే, అంటే బొమ్మల సీరియల్ తీస్తున్నారు. అందులో కథానాయిక ప్రాక్టీసు చేసే రింకు అచ్చం ఒగానుమా రింకే. గోడ మీది పెచ్చు ఊడిన చోటుతో సహా గీశారు. ఊరి పేరు దేశమంతా తెలుస్తోందని మునిసిపాలిటీ మురిసిపోయి, సిబ్బంది అందరూ మొదటి మూడు ఎపిసోడ్లూ చూసి అభిప్రాయం రాసివ్వాలని ఉత్తర్వు వేసింది. వాటన్నిటినీ కట్టగట్టి కృతజ్ఞతతో టోక్యోకి పంపుతారట. పనిలో పనిగా నమూనా కూడా ఇచ్చారు: 'చాలా బాగుంది. కళ్ళు చెమర్చాయి.'

"ఆ రెండు ముక్కలూ రాసి ఇచ్చేసెయ్యండి," అంది భార్య హిసానో, మిసో పులుసు గిన్నె ముందు పెడుతూ.

"నాకు చెమర్చలేదే."

"నాకు చెమర్చాయిగా. నావి రాసెయ్యండి."

"ఆ పిల్ల మూడో ఎపిసోడ్లో ఒకే మూలన నలభై సార్లు ఎగిరింది. ఐసు మీద ఒక్క గుంటైనా పడిందా?"

"బొమ్మలండీ బాబూ అవి!"

"బొమ్మైతే? ఆ పిల్లకి చెమట గీశారు. ముక్కు ఎర్రబడటం గీశారు. తెగిన బూటు లేసు కూడా గీశారు. గుంట దగ్గరికొచ్చేసరికి రంగు అయిపోయిందా?"

స్కేటు ముందు భాగాన పళ్ళుంటాయి. ఎగరబోయే ముందు వాటితో ఐసుని పొడుస్తారు. పొడిచిన ప్రతి చోటా కోడిగుడ్డు పట్టేంత గుంట పడుతుంది. రోజూ సాయంత్రం కునుగి బకెట్టులో నలిపిన ఐసూ నీళ్ళూ కలిపి తెచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని, ఒక్కొక్క గుంటనీ అరచేత్తో అదిమి పూడుస్తాడు. ఆ తరువాతే ఐసుని నున్నగా తుడిచే బండి ఎక్కుతాడు. అతని మోకాళ్ళు అరిగింది అందుకే. కాగితం మీద ఖాళీ చాలా ఉంది. రెండు ముక్కలతో ఆగుదామనే మొదలుపెట్టాడు. తీరా చూస్తే వెనక వైపు కూడా నిండింది.

'కథ బాగుంది. కానీ ఐసు మీద గుంట లేదు. గుంట లేదంటే ఆ పిల్ల ఎగరలేదనైనా అనుకోవాలి, ఎవరో పూడ్చారనైనా అనుకోవాలి. పూడ్చిన మనిషి మూడు ఎపిసోడ్లలో ఎక్కడా కనబడలేదు. ఇంతమంది వచ్చి ఏడ్చే రింకులో ఐసు తనంతట తనే అవుతుందా? చూసి నేను బాగా అలసిపోయాను.' వెనక వైపంతా గుంటలు ఎన్ని రకాలో, ఏది ఎలా పూడ్చాలో రాశాడు.

పర్యాటక విభాగంలో మిజోబుచి అనే అమ్మాయి ఆ కాగితాన్ని రెండు చేతులా అందుకుంది. రెండు వందల పన్నెండు కాగితాల్లో రెండు వైపులా రాసింది అదొక్కటే. ఇంత రాశాడంటే ఎంత కదిలిపోయాడో పాపం అనుకుని, చదవకుండానే కట్ట మీద అన్నిటికన్నా పైన పెట్టింది. దాని పైన, సంతకాలకి బదులుగా వాడే ముద్రల కాగితం పెట్టి, తన ముద్ర వేసి పై వాళ్ళకి పంపింది.

ఒగానుమా మునిసిపాలిటీలో పేరు ముద్ర వేయడమంటే 'చదివాను' అని కాదు, 'ఇది నా బల్ల మీదుగా వెళ్ళింది' అని. కింది వాళ్ళ ముద్ర ఉందిగా, వాళ్ళు చదివే ఉంటారని పైవాళ్ళు వేస్తారు. పైవాళ్ళు ఎలాగూ చూస్తారని కిందివాళ్ళు వేస్తారు. ముద్ర నిటారుగా వేయకూడదు. పై అధికారి ముద్ర వైపు కాస్త వాలాలి, వంగి దండం పెడుతున్నట్టు. సెక్షన్ అధికారి సకైదాకి ఆ వాలు సరిగ్గా కుదిరిందా లేదా అన్నదే ధ్యాస. మధ్యాహ్నానికల్లా అయిదు ముద్రలు ఒకదానికొకటి దండాలు పెట్టుకుంటూ వరసగా నిలిచాయి. చివరన మేయర్ గారిది ఒక్కటే నిటారుగా ఉంది.

మిజోబుచి కట్టంతా ఫ్యాక్సులో పెట్టింది. టోక్యోలో యంత్రానికి మూడు పేజీలతో కాగితం అయిపోయింది. ఇక్కడి యంత్రం మాత్రం అన్నీ వెళ్ళాయని కూత పెట్టింది. అలా టోక్యోకి చేరింది ముద్రల కాగితమూ, కునుగి అభిప్రాయం రెండు వైపులూ మాత్రమే. అక్కడ చదివిన వాళ్ళకి అది మేయరుతో సహా అయిదుగురు అధికారులు ఆమోదించిన ఒగానుమా నగర నిరసన పత్రంలా కనిపించింది.

రెండింటికి ఫోను మోగింది.

"మా వల్ల చాలా పెద్ద పొరపాటు జరిగిందండీ. క్షమించాలి," అంది టోక్యో గొంతు.

ఎదుటివాళ్ళు క్షమాపణ చెబితే తిరిగి చెప్పకుండా ఉండటం మిజోబుచికి పుట్టి బుద్ధెరిగాక అలవాటు లేదు. "అయ్యో, తప్పు మాదండీ. మీరే మమ్మల్ని క్షమించాలి."

"మీరలా అంటే మేము తలెత్తుకోలేమండీ."

"మేమసలు ఎత్తనే లేదండీ."

నాలుగు నిమిషాలు గడిచాయి. ఏ తప్పని ఇద్దరూ అడగలేదు. అడగడం మర్యాద కాదు కదా. ఇంత వినయంగా మాట్లాడుతున్నారంటే నగరం ఎంత మండిపోతోందో అని టోక్యో వాళ్ళు హడలిపోయి, గురువారం స్వయంగా వచ్చి కాళ్ళ మీద పడతామని చెప్పి పెట్టేశారు.

"స్వయంగా వస్తున్నారంటే అర్థం ఒకటే," అన్నాడు సకైదా నుదురు తుడుచుకుంటూ. "సీరియల్లోంచి మన ఊరు తీసేస్తున్నారు. అసలు మనం ఏం పంపామమ్మా?"

కట్ట విప్పి ముద్రల కింద ఉన్న కాగితం చదివారు. సకైదా కుర్చీలో కూలబడ్డాడు.

వేడినీటి తొట్టెలో, తల మీద తడి తువ్వాలు వేసుకుని, కునుగి అప్పుడే కళ్ళు మూసుకున్నాడు. మైకులో తన పేరు వినబడింది. మునిసిపల్ ఆఫీసు నుంచి అర్జెంటు ఫోనట. తొట్టెలో ఉన్న ముసలాళ్ళందరూ అతని వైపు జాలిగా చూశారు.

"కునుగి గారూ, మీరసలు మనిషేనా?" అని ఎత్తుకున్నాడు సకైదా. "ఊరందరికీ కళ్ళు చెమరిస్తే మీ ఒక్కరికే గుంటలు కావాల్సొచ్చాయా?"

"రాయమన్నారు, రాశాను."

"రాయమంటే రాసేస్తారా! శుక్రవారం కౌన్సిల్లో ఏముందో తెలుసుగా?"

తెలియకేం. రింకు కింద ఐసు గడ్డకట్టించే యంత్రం తుప్పు పట్టి ఆఖరి దశలో ఉంది. కొత్తది కొనాలా, రింకు మూసేయాలా అన్నది శుక్రవారం తేలుస్తారు. సీరియల్ చూసి జనం వస్తారన్న ఆశతోనే కొందామనే వాళ్ళు కొందరున్నారు. మూసేస్తే కునుగిని చెత్త విభాగానికి మారుస్తారు. పోనీలే, మోకాళ్ళకి విశ్రాంతి అని అందరితోనూ అంటూ తిరిగేవాడు. కానీ ఆ ఐసు లేకపోతే పొద్దున లేచి ఎక్కడికి వెళ్ళాలో అతనికి నిజంగా తెలియదు. ఇప్పుడు తడి తువ్వాలుతో ఫోను దగ్గర నిలబడి, ఆ రింకుని తన చేతి రాతతోనే మూసేస్తున్నానని అర్థమై, అతనికి ఒళ్ళంతా చల్లబడింది.

సకైదా ఒక ఉపాయం పన్నాడు. సీరియల్లో చూపించిన ఐసే నిజమని నిరూపించాలి. గురువారం దాకా రింకు మీద పురుగుని కూడా ఎక్కనివ్వకూడదు. ఐసు అద్దంలా ఉండాలి. టోక్యో వాళ్ళ ముందు కునుగి తాను పొరబడ్డానని ఒప్పుకోవాలి. "మీరేం మాట్లాడక్కర్లేదు. నేను చెబుతాను. మీరు వంగండి చాలు."

మంగళ, బుధ వారాలు రింకుకి తాళం వేశారు. స్కేటింగ్ పిల్లల తల్లులు గేటు దగ్గర నిలబడి తిట్టారు. హాకీ ఆడే పెద్దమనుషులు తిట్టడం చేతగాక కర్రలతో గేటుని కొట్టారు. లోపల కునుగి పొద్దస్తమానం బండి తోలి, వేడి నీళ్ళు పట్టి, ఎవరూ గీయని ఐసుని మళ్ళీ మళ్ళీ తుడిచాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళలో అంత అందమైన ఐసు అతను చేయలేదు. దాని వైపు చూడకుండా లైట్లు ఆర్పి ఇంటికి పోయాడు.

గురువారం ముగ్గురు దిగారు. సూటు వేసుకున్న ఇద్దరి చేతుల్లో బరువైన మిఠాయి పెట్టెలు. మూడో మనిషి దర్శకురాలు నామెకావా. రబ్బరు బ్యాండుతో ముడేసిన జుట్టు, నెల రోజులుగా సరైన నిద్ర లేనట్టు లోపలికి పోయిన కళ్ళు. గేటు దగ్గర రెండు పక్షాలూ వంగాయి. ముందు ఎవరు లేవాలో తెలియక చాలాసేపు అలాగే ఉండిపోయాయి. చివరికి మేయర్ గారికి నడుం పట్టేసి ఆయనే లేచారు.

రింకులోకి తీసుకెళ్ళి సకైదా చేయి చాపి చూపించాడు. "చూడండి మేడమ్! ఒక్క గుంట లేదు. మీరు గీసింది గీసినట్టుంది. మా కునుగి గారే పొరబడ్డారు."

నామెకావా ఆ ఐసు వైపు చూసింది. మొహంలో ఉన్న కాస్త రక్తం కూడా దిగిపోయింది. చేతిలో బొమ్మలు గీసుకునే పుస్తకం తెరిచి ఉంది, పేజీ తెల్లగా ఉంది.

"పొరబడ్డారా?" అంది నెమ్మదిగా. "ఆ ఉత్తరం చూసి తొమ్మిదో ఎపిసోడ్ పని ఆపేయించానండీ. గుంట ఎలా ఉంటుందో ఎవరికీ తెలియక మావాళ్ళు పద్నాలుగు మంది చేతులు కట్టుకుని కూర్చున్నారు. గుంటలు చూసి గీసుకుందామనే మొదటి రైలెక్కి వచ్చాను."

సకైదా చాపిన చేతిని మెల్లగా వెనక్కి తీసుకున్నాడు.

ఆమె కునుగి దగ్గరికి వచ్చింది. "మీరేగా రాసింది? నిజం చెప్పండి. ఉంటాయా, ఉండవా?"

వెనక నుంచి సకైదా రెండు చేతులతోనూ 'వంగండి, వంగండి' అని సైగ చేశాడు. కునుగి ఆమె కళ్ళ కింద నల్ల చారలు చూశాడు. ఈమె కూడా ఎక్కడో మోకాళ్ళ మీద కూర్చుని, ఎవరికీ కనబడని పని చేస్తోందని అతనికి తోచింది. అబద్ధం చెప్పడానికి కూడా ఓపిక కావాలి, అది అతని దగ్గర లేదు.

"ఉంటాయమ్మా. మూడు రోజుల నుంచి పిల్లల్ని రానివ్వలేదు, అందుకే ఇవాళ లేవు. గేటు బయట వాళ్ళమ్మలు నన్ను తిడుతున్నారు, వింటారా?"

గేటు తీయించారు. అయిదు నిమిషాల్లో ఏడుగురు ఆడపిల్లలు ఆ అద్దం మీద పడ్డారు, మూడు రోజుల కసి ఉంది వాళ్ళలో. ఐసంతా గుంటలయింది. అడ్డుపడబోయిన సకైదా తోలు బూట్లతో రింకు మీద కాలుపెట్టి, మధ్య దాకా కూర్చునే ప్రయాణం చేశాడు. నామెకావా బకెట్టు పక్కన చతికిలబడి, పూడుస్తున్న కునుగి చేతినీ, గుంటనీ, మోకాలినీ గంటసేపు గీసింది. తరువాత ఇద్దరూ బల్ల మీద కూర్చుని డబ్బా కాఫీ తాగారు.

"మాకు మూడు వేల అభిప్రాయాలొచ్చాయండీ," అందామె. "అన్నిట్లోనూ కళ్ళు చెమర్చాయి. నిజంగా చూసింది మీరొక్కరే అనిపించింది."

కునుగి డబ్బాని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. కాఫీ వేడిగా ఉందన్నాడు.

జరిగింది మేయర్ గారు చెప్పగా విని, కౌన్సిల్ నిర్ణయాన్ని జనవరికి వాయిదా వేసింది. డిసెంబరులో తొమ్మిదో ఎపిసోడ్ వచ్చింది. అందులో నలభై సెకన్ల పాటు ఒక ముసలాయన, ఎవరూ లేని రింకులో మోకాళ్ళ మీద కూర్చుని, గుంట పూడ్చి, నడుం పట్టుకుని లేచి, నిట్టూర్చి వెళ్ళిపోతాడు. మాటలేమీ లేవు. దేశమంతా కథానాయికని వదిలేసి ఆ నిట్టూర్పు వెంట పడింది. ఒగానుమాకి వచ్చే రైళ్ళు నిండిపోయాయి. జనవరిలో కొత్త యంత్రానికి కౌన్సిల్ ఏకగ్రీవంగా ఒప్పుకుంది. ఆనందంతో హిసానో కళ్ళు మళ్ళీ చెమర్చాయి. పిల్లలకి స్కేటింగ్ మిగిలింది, కునుగికి ఐసు మిగిలింది.

వచ్చినవాళ్ళు రింకు చుట్టూ ఉన్న అద్దాల వెనక బారులు తీరి, అతను బకెట్టు ఎత్తగానే చప్పట్లు కొడతారు. నిట్టూరిస్తే ఫోటోలు తీస్తారు. బయటి ఊళ్ళ వాళ్ళ కోసం మిజోబుచి ఒక అభిప్రాయాల పుస్తకం కూడా పెట్టింది. ఒక సాయంత్రం కునుగి అందరూ వెళ్ళాక దాన్ని తెరిచాడు. ఎక్కడో దక్షిణాన ఉన్న దీవి నుంచి వచ్చిన ఒక ప్రేక్షకుడు పేజీ నిండా, వెనక వైపు కూడా రాశాడు. 'రింకు బాగుంది. ఐసు బాగుంది. గుంటలు అచ్చం అలాగే ఉన్నాయి. కానీ ఆ పెద్దాయన మాత్రం కుదరలేదు. సీరియల్లో ఆయన నిజంగా అలసిపోయి ఉంటాడు. ఇక్కడాయన నటిస్తున్నట్టుంది.'

కునుగి దాన్ని రెండుసార్లు చదివి, మర్నాటి నుంచి ఇంకాస్త అలసిపోవడం మొదలుపెట్టాడు.