అల్లుడుగారి సబ్‌టైటిల్స్

ఆ ఇంట్లో సెలవుల్లో ఏ అనిమే, అంటే ఏ జపాన్ కార్టూన్ సిరీస్, చూడాలన్నది ఎన్నికల పద్ధతిలో తేలుతుంది. పోటీకి దిగిన ఒక్కో సిరీస్‌లో మొదటి ఎపిసోడ్ చూడ్డం, చెయ్యెత్తడం. ఉన్నవి మూడు చేతులు. కళ్ళద్దాల షాపు నడిపే అద్దాలాయన చెయ్యి రోబోలకి లేస్తుంది. లెక్కల టీచరైన ఆయన భార్య చెయ్యి దేనికి లేచినా రోబోలకి మాత్రం లేవదు. మిగిలింది అత్తగారి చెయ్యి. ప్రభుత్వాలు నిలిచేదీ కూలేదీ దానిమీదే.

పోయినేడు ఆ చెయ్యి కూతురి పక్షాన లేచింది. దాంతో అద్దాలాయన ఒక పిల్ల స్వెట్టర్ అల్లుతుంటే తొంభై ఆరు ఎపిసోడ్లు చూశాడు. తొంభై ఆరో దాంట్లో కూడా స్వెట్టర్‌కి చేతులు రాలేదు.

ఈసారీ ఓడితే సెలవుల సాయంత్రాలన్నీ బూడిదలో పోసిన పన్నీరే. ఆయనకి నిజంగానే దిగులు పట్టుకుంది. రోజంతా పదిమందికి చూపు చక్కబరిచే మనిషికి, తనకి ఇష్టమైనది కళ్ళారా చూసుకునే యోగం ఉండొద్దూ?

"పోయినేడు ఎందుకు ఓడానో తెలిసింది," అన్నాడు భార్యతో. "టాబ్లెట్ మీద చూశాం. మీ అమ్మకి చత్వారం. కింద అక్షరాలు నువ్వు చదివి చెప్పావు. ఓటరు చెవి దగ్గర అభ్యర్థే కూర్చుంటే అదేం ఎన్నిక?"

"అయితే ఈసారి మీరే చదవండి."

అంత తేలిగ్గా ఒప్పుకున్నందుకు అనుమానించాల్సింది. ఆయన సంబరపడ్డాడు. రోబోలు ఘనంగా కనబడాలని పెద్ద టీవీ కొని గోడకి బిగించాడు, సోఫాని ఎదురు గోడకి జరిపాడు, అత్తగారి పక్కన చేరాడు.

ముందు భార్య నిలబెట్టిన సిరీస్. సైకిళ్ళు బాగుచేసే అమ్మాయి కథ. తెర మీద ఆ పిల్ల జపనీస్‌లో ఏదో అంది; కింద తెలుగులో "పంక్చర్ వేశాను, గాలి కొట్టనా?" అని పడింది.

"అత్తగారిని గెంటేశాను, తలుపు వెయ్యనా అంటోందండీ," అని చదివాడు అద్దాలాయన.

"అయ్యో!" అన్నారు అత్తగారు. "ఆ పంపు ఎందుకు?"

"కొట్టడానికి."

"గాలా?"

"అత్తగారినండీ!"

భార్య దిండులో మొహం దాచుకుంది. ఏడుస్తోంది కాబోలనుకున్నాడు.

తర్వాత రోబోలు. కొండంత రోబో ఊరిని తొక్కుకుంటూ పోతోంది.

"అత్తగారికి మోకాళ్ళ నొప్పులట. మందు కోసం పరిగెడుతున్నాడు."

"ఆ మేడ ఎందుకు కూల్చాడు?"

"అందులో మందుల షాపు మూసేశారండీ. కోపం రాదూ?"

"కత్తి దూసిన ఆ రెండో రోబో ఎవరు?"

"తోడల్లుడు. అత్తగారిని నేను తీసుకెళ్తానంటే నేనని కొట్లాట."

అబద్ధం ఆడితే అతికినట్టుండాలంటారు. అతికించీ అతికించీ ఆయనకి చెమటలు పట్టాయి. ఎపిసోడ్ అయ్యేసరికి తోడల్లుళ్ళు నలుగురయ్యారు.

"ఇక చెయ్యెత్తండి అత్తయ్యగారూ," అన్నాడు ధీమాగా.

"గాలి కొట్టనా అన్నప్పుడే ఆ పిల్ల నాకు నచ్చింది బాబూ. నా ఓటు సైకిళ్ళకే."

అద్దాలాయన టీవీ వంకా అత్తగారి వంకా మార్చి మార్చి చూశాడు. "గాలి అన్నట్టు... మీకెలా..."

"గోడ మీద అంతంత అక్షరాలుంటే కనబడవూ? నా చత్వారం పేపరు చదవడానికి అడ్డంగానీ, ఎదురు గోడకి అడ్డమా?"

చత్వారం దగ్గరిచూపుకే తప్ప దూరపుచూపుకి కాదని రోజుకి పదిమందికి చెప్పే మనిషి, నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు.

"ముందే చెప్పొచ్చుగా!"

"ముప్పై ఏళ్ళు కోర్టులో సాక్ష్యాలు టైపు కొట్టినదాన్ని. మధ్యలో ఆపితే అబద్ధం పూర్తిగా బయటికి రాదు బాబూ," అన్నారు అత్తగారు చల్లగా. "కానీ మీ కథే బావుంది. పాపం, ఆ తోడల్లుళ్ళ సంగతి సగంలో ఆగింది. రోజూ సౌండు ఆపేసి మీరే చెప్పండి."

"రోబోలు చూస్తూనా?" అన్నాడు ఆశగా.

"సైకిళ్ళు చూస్తూ," అంది భార్య. "నూట నలభై ఎపిసోడ్లు."

మర్నాడు షాపులో, ఒకాయన్ని అక్షరాల అట్ట ముందు కూర్చోబెట్టి, అద్దాలాయన గుట్టుగా ఇంటికి ఫోన్ చేశాడు.

"ఏమేవ్, పెద్ద తోడల్లుడికి నొప్పి కుడి మోకాలా, ఎడమ మోకాలా?"

"నొప్పి అత్తగారికండీ," అంది భార్య. "కాస్త రాసి పెట్టుకోండి. సాయంత్రం అమ్మ అడుగుతుంది."